గంజాయి చట్టాలు ప్రాణాలు కాపాడాయా?

2014 ఆగస్టులో అమెరికా వార్తాపత్రికలలో ఒక సంఖ్య ప్రముఖంగా కనిపించింది: 24.8. వైద్యావసరాల నిమిత్తం గంజాయిని చట్టరీత్యా అనుమతించిన రాష్ట్రాలలో, నల్లమందు జాతి మందుల మోతాదు మీరి సంభవించే మరణాల వార్షిక రేటు, అటువంటి చట్టం లేకపోతే ఉండగలదని లెక్క వేసిన దానికంటే సగటున 24.8 శాతం తక్కువగా ఉన్నదని దాని తాత్పర్యం. 1999 నుండి 2010 వరకు గల మరణ ధ్రువపత్రాల ఆధారంగా కట్టిన లెక్క అది. దానిని ప్రచురించినది అమెరికా వైద్య సంఘం వారి ప్రతిష్ఠాత్మక పత్రికలలో ఒకటి. వ్యాసకర్తలలో మొదటివాడు మార్కస్ బాఖూబర్ అనే యువ వైద్యుడు. అప్పటికింకా ఆయన ఏ పీఠాన్నీ అధిష్ఠించిన ఆచార్యుడు కాడు. ఫిలడెల్ఫియా నగరంలో, ఒక ధర్మనిధి ఇచ్చిన ఫెలోషిప్ మీద ప్రజారోగ్య పరిశోధనలో ఆరితేరుతున్నవాడు.

అయిదేళ్ళు గడిచాయి. 2019 జూన్‌లో, ఖండానికి ఆ కొసన, కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో, డాక్టరేటు పొందిన పిదప పరిశోధక శిక్షణలో ఉన్న చెల్సీ షోవర్ అనే యువతి, మరి ముగ్గురితో కలిసి అదే లెక్కను, అదే పద్ధతిలో, మరో ఏడేళ్ళు ముందుకు పొడిగించింది. ఈసారి వచ్చిన సంఖ్య 22.7. పరిమాణంలో మొదటిదానికి సోదరి వంటిదే. కాని గుర్తు మారిపోయింది. తక్కువ కాదు, 22.7 శాతం ఎక్కువ!

ఈ రెండు సంఖ్యల నడుమ నడిచిన కథ గణితశాస్త్రజ్ఞులకు మాత్రమే సంబంధించినది కాదు. మొదటి సంఖ్యను నమ్మి శాసనసభలు చట్టాలు చేశాయి. వ్యాపారులు దానిని రహదారుల పక్కన ఎత్తైన ప్రకటన ఫలకాల మీద రాయించారు. హెరాయిన్ వ్యసనం నుండి బయటపడజూస్తున్న మనిషి, తనకు డాక్టరు ఇస్తున్న మందు మానివేసి గంజాయితో సరిపెట్టుకోవచ్చునా అని ఆలోచించడానికి అది ఊతమిచ్చింది. ఆ ఆలోచన తప్పయితే చెల్లించవలసిన మూల్యం ప్రాణమే.

ఒకే మాటలో ఇమడని రెండు వస్తువులు

ఇంగ్లీషు వ్యాసాలను తెలుగులోనికి తెచ్చే పనిలో ఉన్నవారికి ఈ విషయంలో ఎదురయ్యే మొదటి చిక్కు ‘మత్తుమందు’ అనే మాట. మన పత్రికలలో గంజాయి మత్తుమందే, నల్లమందు మత్తుమందే, హెరాయిన్ మత్తుమందే. ఆపరేషను బల్ల మీద డాక్టరు ఇచ్చేదీ మత్తుమందే. శరీరం మాత్రం ఇంత ఉదారంగా ఒక్క మాటతో సరిపెట్టుకోదు. దానికి ఒక్కొక్కటీ ఒక్కొక్క తాళంచెవి.

గసగసాల మొక్క పచ్చికాయకు గాటు పెడితే కారే పాలు గట్టిపడి నల్లమందు అవుతుంది. దాని నుండి మార్ఫిన్, మార్ఫిన్ నుండి హెరాయిన్. ఆ జాతి గుణాలనే అనుకరిస్తూ ప్రయోగశాలలో తయారైనవి ఫెంటనిల్ వంటివి. ఇవన్నీ మెదడులో ఒకే రకపు గ్రాహకాలకు అతుక్కుంటాయి. నొప్పిని అణచే చోట ఆ గ్రాహకాలు ఉన్నాయి. సుఖాన్ని కలిగించే చోట ఉన్నాయి. దురదృష్టవశాత్తు, మెదడు అడుగుభాగాన, మనం నిద్రలో ఉన్నప్పుడు సైతం ఊపిరిని నడిపించే కేంద్రంలో కూడా ఉన్నాయి. మోతాదు మీరినప్పుడు మనిషి చనిపోయేది విషం ఎక్కి కాదు, గుండె పగిలి కాదు; ఊపిరి తీసుకోవాలన్న సంగతిని మెదడు మరచిపోయి.

గంజాయి దారి వేరు. దానిలోని ప్రధాన మత్తు పదార్థాన్ని 1964లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు రాఫెల్ మెషూలం, యెహియెల్ గావోని విడదీసి చూపారు. అది అతుక్కునే గ్రాహకం ఉనికి 1988లో తేలింది. మరి మన మెదడు గంజాయి కోసమే ఆ తాళాన్ని అమర్చుకొని కూర్చున్నదా? కాదు; శరీరం తనంతట తాను తయారుచేసుకొనే ఒక పదార్థం దానికి అసలు తాళంచెవి. 1992లో మెషూలం ప్రయోగశాలలో దానిని కనుగొన్నవారు సంస్కృతం నుండి ‘ఆనంద’ శబ్దం తీసుకొని ‘ఆనందమైడ్’ అని నామకరణం చేశారు. జెరూసలేంలో పుట్టిన రసాయనానికి ఉపనిషత్తుల మాట అతకడం చిత్రమే గాని, అనువాదానికి మిగిలిన పని లేకుండా చేసినందుకు వారికి కృతజ్ఞతలు చెప్పుకోవాలి.

ఊపిరిని నడిపే కేంద్రంలో ఈ గంజాయి గ్రాహకాలు అత్యల్పం. అందుచేతనే నల్లమందు జాతి మాదిరిగా గంజాయి ఊపిరి ఆపి చంపదు. ఇంతమాత్రాన అది నిరపాయకరమని ఎవరూ అనుకోరాదు. లేతవయసులో మొదలుపెట్టి ప్రతిదినం ఘాటైన సరుకు పీల్చేవారిలో మతిభ్రమణ లక్షణాల ప్రమాదం అధికం. ఏళ్ళ తరబడి వాడిన కొందరికి ఆగని వాంతులు పట్టుకుంటాయి. గంజాయిని అనుకరిస్తూ రసాయనశాలలో వండిన కృత్రిమ పదార్థాలు కొన్ని ప్రాణాలే తీశాయి. మన ప్రశ్నకు మాత్రం ముఖ్యమైన భేదం ఊపిరి దగ్గరే ఉన్నది.

వరద వచ్చిన తీరు

అమెరికాలో నొప్పి మాత్రగా ఆక్సికాంటిన్ అనే మందుకు 1995 డిసెంబరులో అనుమతి లభించింది. నల్లమందు జాతిదే అయినా, మెల్లమెల్లగా విడుదలయ్యే ఈ మాత్రతో వ్యసనం భయం తక్కువని డాక్టర్లకు నమ్మబలికారు. దానిని అమ్మిన కంపెనీ అనుబంధ సంస్థ 2007లోనూ, కంపెనీయే 2020లోనూ న్యాయస్థానంలో నేరం అంగీకరించాయి. అప్పటికి జరగవలసిన నష్టం జరిగిపోయింది. నడుము నొప్పికి రాసిన చీటీతో మొదలైనవారు అనేకులు మాత్రలకు బానిసలయ్యారు. మాత్రల మీద కట్టుదిట్టాలు వచ్చాక, 2010 ప్రాంతాల నుండి, అంతకంటె చౌకగా దొరికే హెరాయిన్‌కు మళ్ళారు. 2013 నుండి ఆ హెరాయిన్‌లో ఫెంటనిల్ కలవసాగింది. బెల్జియం శాస్త్రజ్ఞుడు పాల్ జాన్సెన్ శస్త్రచికిత్సల కోసం 1960 ప్రాంతంలో తయారుచేసిన గొప్ప మందు అది. మార్ఫిన్ కంటే సుమారు 100 రెట్లు బలమైనది. బల్ల మీద మత్తు వైద్యుడు మైక్రోగ్రాములలో కొలిచి ఇచ్చేదానిని వీధిలో చెంచాతో కలిపితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

1999లో నల్లమందు జాతి వల్ల అమెరికాలో మరణించినవారు సుమారు 8 వేలు. 2017లో 47,600. అన్ని మాదకద్రవ్యాలనూ కలుపుకొంటే 2022లో ఆ దేశం కోల్పోయిన వారి సంఖ్య 1,08,000 దాకా వెళ్ళింది. 2024లో 80 వేల ప్రాంతానికి దిగివచ్చింది. వియత్నాం యుద్ధం మొత్తంలో నేలకొరిగిన అమెరికన్ సైనికులు 58 వేల పైచిలుకు అని గుర్తు చేసుకొంటే ఈ అంకెల బరువు తెలుస్తుంది.

ఇటువంటి కాలంలో 24.8 అన్న సంఖ్య వెలువడింది. దానిలో ఆశ పుట్టించే గుణం ఉన్నది. ఊహకు కూడా అది చక్కగా అందుతుంది: దీర్ఘకాలపు నొప్పికి గంజాయి కొంత ఉపశమనం ఇస్తుంది, గంజాయి దొరికినవాడు మాత్రలు తగ్గిస్తాడు, మాత్రలు తగ్గితే చావులు తగ్గుతాయి. ఎంత సాఫీగా సాగిపోతున్నదో చూడండి! బాఖూబర్ బృందం మాత్రం తమ వ్యాసంలో జాగ్రత్తగానే మాట్లాడింది. చట్టానికీ మరణాల తగ్గుదలకూ ‘సంబంధం కనిపిస్తున్నది’ అన్నారే గాని, చట్టం తగ్గించిందని అనలేదు. మరింత పరిశోధన కావాలన్నారు. పత్రికల శీర్షికలకు చేరేసరికి ‘సంబంధం కనిపించడం’ కాస్తా ‘తగ్గించడం’ అయింది. ఒక క్రియాపదం మారింది, అంతే. పరభాష నుండి తర్జుమా చేసేటప్పుడు ఇటువంటి జారుపాట్లు సహజమని మేము సర్దిచెప్పుకొంటాం. ఇక్కడ ఇంగ్లీషు నుండి ఇంగ్లీషులోకే జారింది.

1996లో కాలిఫోర్నియా ప్రజలు ఓటు వేసి తెచ్చుకొన్నది మొదటి వైద్య గంజాయి చట్టం. 2010 నాటికి పదిపైన మూడు రాష్ట్రాలలో చట్టాలు అమలులో ఉన్నాయి. 2017 నాటికి ఏదో ఒక రూపంలో గంజాయి చట్టం ఉన్న రాష్ట్రాలు 47. 2018లో న్యూయార్కు, ఇల్లినాయి రాష్ట్రాలు ఇంకొక అడుగు వేసి, నల్లమందు జాతి మాత్రలకు బదులుగా గంజాయి తీసుకొనే వీలు కల్పించాయి.

తిరిగి లెక్క వేసిన వారు

ఫెలోషిప్ అంటే మనలో చాలామందికి నెలనెలా అందే భత్యం మాత్రమే గుర్తుకు వస్తుంది. ప్రజారోగ్యంలో దాని ప్రయోజనం వేరు. డాక్టరేటు పూర్తి చేసిన యువకునికో, చికిత్స నేర్చిన వైద్యునికో రెండు మూడేళ్ళు తీరిక ఇచ్చి, ఒక అనుభవజ్ఞుని పక్కన కూర్చోబెట్టి, ‘నీకు తోచిన ప్రశ్నను పట్టుకో’ అని చెప్పడం. ఆ తీరిక చాలామంది కొత్త విషయం కనుక్కోవడానికి వినియోగిస్తారు. పాత విషయాన్ని సరిచూడటానికి వినియోగించేవారు తక్కువ. ఒకరు చేసిన లెక్కను మళ్ళీ చేసి చూడటంలో కీర్తి లేదు. తేడా రాకపోతే అచ్చు వేసేవారు కూడా ఉండరు.

షోవర్ ఆ పని చేసింది. వ్యసన విధానాలలో పేరు గడించిన కీత్ హంఫ్రీస్ ఆమెకు మార్గదర్శకుడు. చట్టాలు తెలిసినవాడొకడు, రాజనీతి గణాంకాలలో దిట్ట ఒకడు తోడు. మొదట వారు 1999–2010 లెక్కను యథాతథంగా తిరిగి చేశారు. దాదాపు అదే ఫలితం వచ్చింది. అంటే మొదటివారి కూడికలో తప్పు లేదు. తరువాత ఏడాదికొక ఏడాది జోడిస్తూ 2017 వరకు వచ్చారు. కాలం గడిచేకొద్దీ తగ్గుదల కరిగి, సున్నాకు చేరి, అవతలి ఒడ్డుకు పోయింది.

అయితే గంజాయి చట్టాలు మొదట జనాన్ని కాపాడి తరువాత చంపడం మొదలుపెట్టాయా? ఇక్కడే ఈ బృందం నిగ్రహాన్ని మెచ్చుకోవాలి. చేతికి వచ్చిన 22.7ను పట్టుకొని ‘గంజాయి చంపుతున్నది’ అని కేకలు వేసి ఉంటే మరో వర్గంవారు వారిని నెత్తిన పెట్టుకొనేవారే. వారు అలా అనలేదు. రెండు సంఖ్యలూ నమ్మదగినవి కావు, ఈ రెంటి మధ్య కార్యకారణ సంబంధం ఉండకపోవచ్చునని తేల్చారు. దానికి వారు చూపిన ఒక ఆధారం చాలా సామాన్యమైనది: వైద్య గంజాయి వాడేవారు దేశ జనాభాలో 2.5 శాతం ప్రాంతంలో మాత్రమే. అంత చిన్న సమూహపు అలవాటు రాష్ట్రం మొత్తపు మరణాల రేటును నాలుగో వంతు కదిలించగలదా?

మరి గుర్తు ఎందుకు మారింది? చట్టం ముందుగా చేసినవి చాలావరకు పడమటి రాష్ట్రాలు. ఆలస్యంగా చేసినవాటిలో తూర్పు రాష్ట్రాలు అనేకం: న్యూజెర్సీ, కనెక్టికట్, మసాచుసెట్స్, ఒహాయో, పెన్సిల్వేనియా, వెస్ట్ వర్జీనియా. తూర్పున వీధులలో అమ్మే హెరాయిన్ తెల్లని పొడి. ఫెంటనిల్‌ను దానిలో కలిపితే కంటికి తెలియదు. పడమట దొరికేది తారు ముద్దలాంటి నల్ల హెరాయిన్. పొడి కలపడం అంత తేలిక కాదు. అందుచేత ఫెంటనిల్ వరద తొలుత తూర్పును ముంచింది. అప్పుడే ఆ రాష్ట్రాలు గంజాయి చట్టాలూ చేశాయి. సంఖ్యల పట్టికలో రెండూ పక్కపక్కన నిలబడ్డాయి. గొడుగులు పెరిగిన నెలలోనే వానలు పెరిగాయి కాబట్టి గొడుగులే వాన కురిపించాయన్నట్లున్నది.

పిచ్చాసుపత్రుల పుస్తకాలు

సమూహపు లెక్క నుండి మనిషి గురించి తీర్పు చెప్పడంలోని ప్రమాదాన్ని 1950లోనే విలియం రాబిన్సన్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రజ్ఞుడు ఎత్తిచూపాడు. 1930 జనాభా లెక్కలు తీసి చూస్తే, విదేశాలలో పుట్టినవారు ఎక్కువగా ఉన్న రాష్ట్రాలలో నిరక్షరాస్యత తక్కువ. దీనిని బట్టి వలస వచ్చినవారు ఎక్కువ చదువుకొన్నవారని తేల్చుకోవచ్చునా? మనిషికి మనిషిని లెక్కిస్తే సంగతి తలక్రిందులు: వలస వచ్చినవారిలోనే నిరక్షరాస్యులు అధికం. వారు స్థిరపడటానికి ఎంచుకొన్న రాష్ట్రాలు ముందే అక్షరాస్యత గలవి, అంతే.

మన దేశంలో ఇటువంటి పాఠం ఇంకా ముందే, అదీ గంజాయి విషయంలోనే, జరిగిపోయింది. గంజాయి వల్ల హిందూదేశపు పిచ్చాసుపత్రులు నిండిపోతున్నాయన్న వాదం బ్రిటిషు పార్లమెంటు దాకా వెళ్ళగా, 1893లో ప్రభుత్వం ఒక కమిషన్‌ను నియమించింది. నలుగురు ఆంగ్లేయ అధికారులు, ముగ్గురు భారతీయులు. మాక్‌వర్త్ యంగ్ అధ్యక్షుడు. వారు దేశమంతటా తిరిగి 1,193 మంది సాక్షులను విచారించారు. 1894లో వెలువడిన వారి నివేదిక మూడువేల పుటలకు పైబడిన మహాగ్రంథం. అందులో నాకు మిక్కిలి ఆసక్తి గొలిపే భాగం ఆసుపత్రి రిజిస్టర్ల విచారణ. 1892లో దేశంలోని పిచ్చాసుపత్రులలో చేరినవారిలో 222 మందికి గంజాయి, భంగు, చరస్‌లే కారణమని రాసి ఉన్నది. కమిషన్ ఒక్కొక్క కేసునూ తవ్వి చూసింది. రోగిని పట్టి తెచ్చిన పోలీసువారు ‘కారణం’ అనే గడిని ఖాళీగా వదలరాదు గనుక, వేరేదీ తెలియనప్పుడు గంజాయి అని రాసివేయడం రివాజు అయిపోయిందని వెల్లడైంది. జల్లెడ పట్టాక 222లో మిగిలినవి 98. వాటిలోనూ కొన్నిటికి వేరే కారణాలు తోడైనవే.

కారణం గడిని నింపివేయాలన్న తొందర 1892లో ఠాణా రైటరుకూ, 2014లో పత్రికా సంపాదకునికీ సమానమే. మొదటివానికి గంజాయి ముద్దాయి, రెండవవానికి సంజీవని.

మనిషి వెంట నడిచిన పరిశోధనలు

రాష్ట్రాలను పోల్చడం మాని మనుషుల వెంట నడిచి చూసినవారేమి చెప్పారు? ఆస్ట్రేలియాలో దీర్ఘకాలపు నొప్పులకు నల్లమందు జాతి మాత్రలు వాడుతున్న 1,514 మందిని నాలుగేళ్ళపాటు పరిశీలించి, 2018లో ఫలితం ప్రకటించారు. గంజాయి వాడినవారు మాత్రలు తగ్గించిన జాడ లేదు. పైపెచ్చు వారికే నొప్పి ఎక్కువగా ఉన్నట్లు తేలింది. బహుశా నొప్పి ఎక్కువైనవారే గంజాయిని ఆశ్రయించి ఉంటారు. కారణమేదో ఫలితమేదో ఇక్కడా జాగ్రత్తగానే చూడాలి. కెనడాలోని వాంకూవర్‌లో, వీధి మత్తుకు అలవాటుపడి నొప్పులతో బాధపడే 1,152 మందిని పరిశీలించినవారు 2019లో వేరే ఫలితం ప్రకటించారు: ప్రతిదినం గంజాయి వాడేవారిలో ప్రతిదినం వీధి నల్లమందు జాతి వాడే అవకాశం దాదాపు సగం. ఒకరు డాక్టరు చీటీతో మాత్రలు కొనే గృహస్థులు. మరొకరు నిలువ నీడలేని వీధిజనం. ఒకే మందు రెండు జీవితాలలో ఒకే పని చేయాలని ఏమున్నది?

అదే ఏడాది న్యూయార్కులో యాస్మిన్ హర్డ్ అనే శాస్త్రజ్ఞురాలు, గంజాయిలో మత్తు కలిగించని భాగమైన కాన్నబిడియాల్‌ను, హెరాయిన్ మానిన 42 మందికి ఇచ్చి చూసింది. హెరాయిన్‌ను గుర్తుచేసే దృశ్యాలు చూపినప్పుడు కలిగే తహతహ, ఆందోళన తగ్గాయి. మందు ఆపిన వారం తరువాత కూడా ఆ ప్రభావం కొంత నిలిచింది. ఇది ఎవరికి అసలు మందు, ఎవరికి ఉత్తుత్తి మందు అన్నది చీట్లు వేసినట్లు నిర్ణయించి, ఇచ్చేవారికీ పుచ్చుకొనేవారికీ తెలియకుండా జరిపిన పరీక్ష. చిన్నదే గాని, రాష్ట్రాల పట్టికలకంటే నాలుగాకులు ఎక్కువ నమ్మదగినది.

జేబులో పట్టే మందు

ఊపిరి ఆగిపోతున్నవానిని నిలబెట్టే మందు మాత్రం అరవై ఏళ్ళకు పైగా ఉన్నది. దాని పేరు నలోక్సోన్. పోలండులో పుట్టి, నాజీల బారి నుండి కుటుంబంతో షాంఘైకి పారిపోయి, అక్కడినుండి అమెరికా చేరిన జాక్ ఫిష్‌మన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు, మోజెస్ లెవెన్‌స్టైన్ అనే సహచరునితో కలిసి దానిని తయారుచేసి 1961లో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. 1971లో అమెరికాలో అనుమతి దొరికింది. నల్లమందు జాతి అతుక్కునే తాళంలోనే ఈ మందు ఇంకా గట్టిగా దూరుతుంది. దూరి, అక్కడున్నదానిని బయటకు నెట్టివేస్తుంది. తాను మాత్రం తాళం తిప్పదు. నీలమెక్కిన మనిషి రెండు మూడు నిమిషాలలో ఊపిరి పీల్చుకొని లేచి కూర్చుంటాడు. నల్లమందు జాతి ఒంటిలో లేనివానికి ఇచ్చినా హాని చేయదు. ఒక్క లోపం: దాని ప్రభావం అరగంట నుండి గంటన్నర వరకే. ఈలోగా ఆసుపత్రికి చేర్చకపోతే లోపల మిగిలిన మత్తు తిరిగి కమ్ముకోవచ్చు.

దశాబ్దాలపాటు ఈ మందు ఆసుపత్రుల అలమరాలలోనే ఉండిపోయింది. మోతాదు మీరడం మాత్రం ఇళ్ళలో, స్నానాల గదులలో, సందుల చివర జరిగేది. 1996లో షికాగోలో ఒక స్వచ్ఛంద సంస్థ, మత్తు వాడేవారి చేతికే ఈ సీసాలు ఇచ్చి, పక్కవానికి ఎలా ఎక్కించాలో నేర్పడం మొదలుపెట్టింది. ఫిష్‌మన్ సవతి కొడుకే 2003లో హెరాయిన్ మోతాదు మీరి మరణించాడు. ఆ మందు తయారుచేసినవాని ఇంటివానికి అవసరమైన వేళ అది చేతికందే చోట లేదు. 2023లో గాని అమెరికాలో ముక్కులో చిమ్మే నలోక్సోన్‌ను డాక్టరు చీటీ లేకుండా అమ్మడానికి అనుమతి రాలేదు.

మసాచుసెట్స్‌లో ఈ శిక్షణ, పంపిణీ జరిగిన 19 ఊళ్ళ లెక్కలు 2013లో వెలువడ్డాయి. పంపిణీ బాగా జరిగినచోట మరణాల రేటు, జరగనిచోటితో పోలిస్తే 46 శాతం తక్కువ. పాఠకుడు ఇక్కడ నన్ను నిలదీయవచ్చు: ఇదీ ఊళ్ళ లెక్కేగదా, గంజాయి లెక్కను కాదని దీనినెందుకు నమ్మాలి? న్యాయమైన ప్రశ్న. జవాబు ఏమిటంటే, ఇక్కడ ఊళ్ళ లెక్క కింద మనుషుల లెక్క ఉన్నది. శిక్షణ పొందినవారు 300కు పైగా సందర్భాలలో ఎదుటివానికి మందిచ్చి రక్షించినట్లు నమోదైనది. మందు తాళంలో ఎలా పనిచేస్తుందో తెలుసు. మనిషి లేచి కూర్చోవడం కళ్ళారా చూసినవారు ఉన్నారు.

దీర్ఘకాలపు చికిత్సగా మెథడోన్, బ్యూప్రెనార్ఫిన్ మందులకు ఇంతకంటె బలమైన ఆధారాలున్నాయి. అనేక దేశాల పరిశోధనలను కలిపి 2017లో వేసిన లెక్కలో, మెథడోన్ తీసుకొంటున్న కాలంలో ఏడాదికి వెయ్యిమందిలో సుమారు 11 మంది మరణిస్తే, మానిన కాలంలో 36 మంది. గంజాయిని నమ్మి ఇది మానినవాడు ఎంత పందెం కాస్తున్నాడో ఈ రెండు అంకెలు చెబుతాయి. మానిన కొద్ది రోజులలోనే శరీరం పాత ఓర్పును కోల్పోతుంది. పూర్వం ఇమిడిన మోతాదే అప్పుడు మీరిన మోతాదు అవుతుంది. జైలు నుండి విడుదలైనవారిని వాషింగ్టన్ రాష్ట్రంలో పరిశీలించగా, మొదటి రెండు వారాలలో వారు మోతాదు మీరి మరణించే ప్రమాదం సామాన్య జనం కంటే 129 రెట్లుగా తేలింది.

మన వైపు

మన దేశంలో గంజాయి పూతకూ, రెబ్బకూ, చరస్‌కూ 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కఠిన శిక్షలు విధిస్తుంది. పూత కలవని ఆకు, అంటే భంగు, ఆ నిర్వచనంలోకి రాదు. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ నిర్వహించి 2019లో ప్రకటించిన జాతీయ సర్వే ప్రకారం, అంతకు ముందరి ఏడాదిలో ఏదో ఒక రూపంలో భంగు, గంజాయి, చరస్‌లు వాడినవారు సుమారు 3.1 కోట్లమంది. నల్లమందు జాతి వాడినవారు సుమారు 2.26 కోట్లు. మన వార్తలలో తరచుగా కనిపించేది మాత్రం మొదటిదే. విశాఖ మన్యం నుండి లారీలలో తరలిపోయే గంజాయి బస్తాల ఫొటోలు చూడని తెలుగువాడుండడు. అదే సర్వేలో, నల్లమందు జాతి వ్యసనంతో సహాయం అవసరమైనవారిలో సగానికి పైగా కొద్ది రాష్ట్రాలలోనే ఉన్నారని చెబుతూ ఇచ్చిన పేర్లలో పంజాబు, ఢిల్లీలతోపాటు ఆంధ్రప్రదేశ్ పేరు కూడా ఉన్నదన్న సంగతి ఎందరి దృష్టికి వచ్చిందో!

ఊపిరి ఆపేది రెండవదే. మనిషి పిలిచినా, రొమ్ము ఎముక మీద పిడికిలితో రుద్దినా పలకకపోవడం, పెదవులు గోళ్ళు నీలబడటం, కంటిపాప సూదిమొనంత చిన్నదైపోవడం, ఊపిరి గురకగా మారి ఆగి ఆగి రావడం దాని గుర్తులు. గాఢనిద్ర అనుకొని దుప్పటి కప్పి వదిలేయడమే చాలా ఇళ్ళలో జరిగే పొరపాటు. 108కి ఫోను చేయాలి. ఊపిరి ఆడుతూ ఉంటే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. ఆగిపోతే నోటితో ఊపిరి అందించాలి.

నలోక్సోన్ మన ఆసుపత్రులలో ఇంజెక్షనుగా ఉన్నది. డాక్టరు చీటీ కావాలి. వాడేవారికీ, వారి కుటుంబాలకూ దానిని అందుబాటులో ఉంచమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో సిఫారసు చేసింది. దేశంలో ఆ పనికి ముందుగా పూనుకొన్నది మహానగరాలు కావు. బర్మా సరిహద్దును ఆనుకొని హెరాయిన్ దెబ్బను అందరికంటే ముందు తిన్న మణిపూర్, నాగాలాండ్‌లలో స్వచ్ఛంద సంస్థలు 2000 దశకంలోనే, ఒకప్పుడు తాము కూడా సూది గుచ్చుకొన్నవారికే శిక్షణ ఇచ్చి, మందు సీసాలతో బస్తీలకు పంపసాగాయి. తలుపు తట్టగానే ఏ సందులో ఎవరు పడి ఉన్నారో కనిపెట్టగలిగినవారు వారే.